మగ్గం ఆగిన పూట

1961 ఆగస్టు ఐదో తేదీ, శనివారం. బిడ్డ పుట్టిన మూడు నెలలకు నీలావతి మొదటిసారి నోటికి కారం తగిలేలా అన్నం తిన్నది ఆ రోజే. అందుకే ఆ తేదీ ఆమెకు గుర్తుండిపోయింది. వేడి రాగి సంకటి, దాని నడుమ గుంట చేసి పోసిన నెయ్యి, పక్కన చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి. అంతవరకూ అత్త రుక్మిణమ్మ పత్యం పేరు చెప్పి మిరియాల చారు, వెల్లుల్లి పొడి తప్ప మరొకటి విస్తట్లో పడనివ్వలేదు. అలాంటి మనిషి ఆ మధ్యాహ్నం తానే రోటి ముందు కూర్చుని నూరి, తానే వడ్డించింది. రెండో ముద్ద మింగుతూ ఉండగానే నీలావతికి అనుమానం వచ్చింది, ఆ ఊరిబిండి ఊరికే వచ్చింది కాదని.

"సోమవారం పొద్దున బండికి నేను పెనుకొండకు పోతాండా" అంది రుక్మిణమ్మ, ఇంకొంచెం నెయ్యి పోస్తూ.

"సోమవారమే కదత్తా నేను బడిలో చేరాల్సింది."

"అందుకే ముందుగా చెప్తాండా. చేన్లో కలుపు మోకాలెత్తు లేచిందంట. చేను చూసుకునే ఓబుళప్ప చెప్పి పంపినాడు. నేను గట్టు మీద నిలబడకపోతే ఆ కూలోళ్ళు చెనిగ చెట్టు పీకి కలుపు నిలబెడతారు."

"బిడ్డను మీరు చూసుకుంటామంటిరి."

"మూడు నెల్లు చూస్తి గదమ్మే. కాన్పు చేసినా, నీళ్ళు పోసినా, పొగ ఏసినా. ఇంకేం చూడాల? రెండే దారులుండాయి. బిడ్డను నాతో పంపు. లేదంటే ఆ ఉద్యోగం వదులుకో."

"పాలు తాగే బిడ్డ."

"ఎనుము మొన్ననే ఈనింది, ఆ పాలు పడతా."

నీలావతి ముద్దను విస్తట్లోనే వదిలి భర్త వైపు చూసింది. జయరాముడు హిందూపురం స్టేషన్లో గూడ్సు గుమాస్తా. రోజూ తెల్లవారుజామున ధర్మవరంలో రైలెక్కి, చీకటి పడ్డాక దిగేవాడు. ఇంట్లో ఏం జరుగుతుందో తనకు తెలియకపోవడానికి రైలే కారణమని నమ్మేవాడు. ఆ పూట మాత్రం సెలవు దొరికి ఇంట్లోనే ఉన్నాడు. అతను నమిలేది ఆపి, కాసేపు ఆలోచించి, "నువ్వేమంటే అదే" అన్నాడు. ఆ మాట తల్లిని చూసి అన్నాడో భార్యను చూసి అన్నాడో తెలియలేదు. సంకటి ముద్దను చూసి అన్నాడు.

లోపల పాప ఏడుపు మొదలుపెట్టింది.

"చూడు, దానికీ తెలిసిపాయె" అని రుక్మిణమ్మ లేచింది. "వారం దినాలుగా ఇదే వరస. పగలు కూడా కన్ను మూయదు. ఎవురి కండ్లు పడినాయో ఏమో. ఆ పక్క టకటక ఆపించినా గూడ నిద్ర లేదే దీనికి."

పక్క టకటక అంటే నరసప్ప మగ్గం. ఆ ఇల్లు నరసప్పదే. ముందు రెండు గదులు వీళ్ళకు బాడుగకు ఇచ్చి, వెనక మగ్గం వేసుకున్న పొడుగాటి గదిలో ఒక్కడే ఉండేవాడు. భార్య పోయి ఆరేళ్ళు. ఒక్క కూతురు చౌడేశ్వరిని తాడిమర్రికి ఇచ్చాడు. గోడకు అవతల అతని మగ్గం, ఇవతల నీలావతి మంచం. గర్భం మోసిన తొమ్మిది నెలలూ ఆమె ఆ గోడకు వీపు ఆనించే పిల్లల పలకలు దిద్దింది, చీరలు మడత పెట్టింది, పడుకుంది. వారం కిందట రుక్మిణమ్మ వెళ్ళి, బిడ్డ నిద్రకు అడ్డమని, పొద్దున పూటా మధ్యాహ్నమూ కొంచెం ఆపమని అడిగింది. శ్రావణంలో పెళ్ళిళ్ళు వస్తున్నాయి, చీరలకు గిరాకీ. అయినా నరసప్ప ఒక్క మాట అనకుండా ఆపాడు.

సోమవారం చేరకపోతే తన పేరు కొట్టేసి జాబితాలో తర్వాతి మనిషిని పిలుస్తారని నీలావతికి తెలుసు. అది తాత్కాలికపు పోస్టు. ఆ సంగతి నాలుగుసార్లు చెప్పింది. నాలుగుసార్లూ రుక్మిణమ్మ "అయితే పోనీ" అంది. జయరాముడు "అదే చూడాల" అన్నాడు.

*

ఆదివారం ముగ్గురూ కలిసి, బిడ్డను ఎత్తుకుని, రెండు వీధుల అవతల గంగులమ్మ ఇంటికి వెళ్ళారు. కూలికి పోయే ఆడవాళ్ళ బిడ్డలను ఆమె పగలంతా చూస్తుందని జయరాముడు ఎక్కడో విన్నాడు. ఈ ఒక్క పని చేసినందుకు దారి పొడుగునా తృప్తిగా నడిచాడు.

అరుగు మీద అయిదుగురు బిడ్డలు వరసగా పడుకుని ఉన్నారు. పదకొండు గంటల వేళ, ఎండ అరుగు అంచుకు వచ్చినా ఒక్కరూ కదలలేదు. ఒకడి పెదవి మీద ఈగ వాలి, నడిచి, ముక్కు దాకా వెళ్ళింది. వాడు ముఖం కూడా చిట్లించలేదు.

"చూడమ్మే, ఎంత బుద్ధిగా ఉండారో" అంది రుక్మిణమ్మ.

గంగులమ్మ వక్క నములుతూ నవ్వింది. "నా దగ్గర ఏడిచేది ఉండదమ్మా. పొద్దున ఇడిచిపెట్టి పోండి, సాయంత్రం ఎత్తుకొని పోండి. ఎట్ల ఇస్తారో అట్లే ఇస్తా."

నీలావతి వంగి ఈగను తోలింది. ఆ పిల్లవాడి చెయ్యి పట్టుకుని పైకెత్తి వదిలితే తడిగుడ్డలా పడింది. గంగులమ్మ ఆకుల సంచిలో, సున్నం డబ్బీ పక్కన, చిన్న నల్లటి ఉండ ఉంది.

"ఇదేమి?"

"నల్లమందు. ఆవగింజంత పాలల్లో కలిపి నాకిస్తా. ఎక్కువ ఇయ్యనులే, భయపడొద్దు. అందరూ పెట్టేదే కదమ్మా. నీకూ మీ అమ్మ పెట్టింటాది."

నీలావతి బిడ్డను రెండో భుజం మీదకు మార్చుకుంది.

"దాంట్లో ఏముండాది?" అంది రుక్మిణమ్మ. "వీనికీ పెట్టినా నేను, ఏడాది దాకా. ఏమైనాడు? గవుర్మెంటు ఉద్యోగం చేస్తాండాడు."

జయరాముడు చెప్పుల వైపు చూసుకున్నాడు. మూడేళ్ళ కాపురంలో తనకు అర్థం కాని సంగతులు కొన్ని నీలావతికి ఒక్కసారిగా అర్థమైనట్టు అనిపించింది. ఆ మందు ఇంకా పూర్తిగా దిగలేదేమో అనుకుంది. పైకి మాత్రం, "ఎండ ఎక్కుతోంది, పోదాం పదండి" అంది.

తిరుగుదారిలో ఇంటి మలుపు దగ్గర జయరాముడు, "హిందూపురంలో యల్లక్క అని ఒకామె ఉండాది. మా స్టేషన్ మాస్టరు బిడ్డను పెంచింది. రేపు సాయంత్రం తోడుకొని వస్తా" అన్నాడు.

"మరి రేపు పగలు?"

"అదే చూడాల" అన్నాడు జయరాముడు.

*

సోమవారం తెల్లవారకముందే రుక్మిణమ్మ వెళ్ళిపోయింది. కొడుకుతో కలిసి అదే రైల్లో. వెళ్ళేముందు బిడ్డకు దిష్టి తీసి, ఉప్పు పొయ్యిలో వేసి, "నా మాట ఎప్పుడు వింటావో అప్పుడు చెప్పి పంపు" అంది.

నీలావతి బిడ్డను ఎత్తుకునే బడికి వెళ్ళి రిజిస్టరులో సంతకం పెట్టింది. సంతకం పెట్టే చేతిని పాప పట్టుకోవడంతో చివరి అక్షరం గీత దాటిపోయింది. ప్రధానోపాధ్యాయురాలు లక్ష్మీదేవమ్మ కళ్ళద్దాల పైనుంచి ఆ గీతనూ, బిడ్డనూ చూసింది. నలభై ఏళ్ళు దాటిన మనిషి, గొంతు ఎత్తకుండానే బడిని నిలబెట్టే మనిషి.

"ఈ ఒక్క రోజే" అంది.

ఆ ఒక్క రోజూ పాప ఏడ్చింది. బడి ఆయా ఎత్తుకుని చెట్టు కింద తిప్పింది. మూడో తరగతి పిల్లలు గుణకారం మానేసి కిటికీలోంచి చూశారు. నాలుగు గంటలకు లక్ష్మీదేవమ్మ పిలిచి, "శుక్రవారం ఇన్‌స్పెక్షన్. నిన్ను పర్మనెంటు చేయమని నేను రాసిన కాగితం ఇన్‌స్పెక్టరు చేతిలోనే ఉంది. ఆ రోజు నీ తరగతిలో గుణకారం వినపడాలి. ఇంకేమీ వినపడకూడదు" అంది.

ఆ సాయంత్రం యల్లక్క వచ్చింది. తెల్లటి చీర, చేతిలో ట్రంకు పెట్టె. కన్నడం కలిసిన తెలుగులో, గుమ్మం దగ్గరే నిలబడి తన సంగతి చెప్పింది.

"గుడ్డలు ఉతికేది నా పని కాదమ్మా. నూనె రుద్దేది కాదు. నీళ్ళు పోసేది అసలే కాదు. రెండుసారి కాఫీ కావాల."

"మరి నీ పనేమి యల్లక్కా?"

"చూసుకునేది."

ఆ రాత్రంతా పాప ఏడ్చింది. యల్లక్క చూసుకుంది. గోడకు ఆనుకుని కూర్చుని, ఏడుస్తున్న బిడ్డను, ఎత్తుకుని తిరుగుతున్న తల్లిని, దుప్పటి ముసుగులో నిద్ర నటిస్తున్న తండ్రిని వరసగా చూసుకుంది. కోడి కూసేసరికి ట్రంకు సర్దుకుంది. "నన్ను మల్లా హిందూపురంలో దింపప్పా" అని జయరాముడి వెనకే స్టేషనుకు నడిచింది.

మంగళవారం ఎనిమిదిన్నర. నీలావతి పెరట్లో బిడ్డను భుజాన వేసుకుని నిలబడింది. జడ వేసుకోలేదు, అన్నం వండలేదు. కళ్ళలో ఇసుక పోసినట్టుంది. ఏడవడానికైనా ఓపిక లేదు. బడికి చీటీ రాసి పంపేద్దామా, ఈ ఉద్యోగం తనకు రాసిపెట్టి లేదని ఒప్పుకుందామా అనుకుంది. బిడ్డ ఏడుపు చెవిలోంచి దూరి నడినెత్తిన తగులుతోంది.

అప్పుడు వెనక గదిలో మగ్గం కదిలింది. టక్, టక్, టకటక్.

పాప ఏడుపు మధ్యలో ఆగింది. నోరు తెరిచే ఉంది. రెండు ఎక్కిళ్ళు వచ్చాయి. తల తల్లి మెడ మీదకు వాలింది.

నీలావతి కదలకుండా నిలబడింది. కాసేపటికి లోపల ఏదో దారం తెగినట్టుంది, మగ్గం ఆగింది. ఇరవై లెక్కపెట్టేలోపు పాప మళ్ళీ మొదలుపెట్టింది. మగ్గం కదిలింది, ఏడుపు ఆగింది.

ఆమె మగ్గం గది గడప దగ్గరకు వెళ్ళింది. "చిన్నాయనా, ఒక్క నిమిషం ఆపు."

నరసప్ప ఉలిక్కిపడి, పోగును దగ్గరకు కొట్టే పన్నెను చేతిలోంచి వదిలేశాడు. నడుము దాకా గుంతలో కూర్చున్న మనిషి, బట్టతల మీద పట్టు పోగుల తునకలు. "మాపు చేయి టీచరమ్మా. బడికి పోయింటావని మొదలుపెట్టినా. బిడ్డ లేచిందా?"

బిడ్డ ఏడవసాగింది.

"ఇప్పుడు నెయ్యి."

అతను అర్థం కాకుండానే నేశాడు. ఏడుపు ఆగింది.

"ఆపు" అంది. "నెయ్యి" అంది. పిల్లల చేత ఎక్కం చెప్పించినట్టు మూడుసార్లు చేయించింది. మూడోసారికి నరసప్ప ముఖం మీద నవ్వు మెల్లగా పాకింది.

"అయితే వారం దినాలుగా నేను ఊరికే చేతులు ముడుచుకొని కూర్చున్యానా?"

"నువ్వు కూర్చున్నందుకే మాకు నిద్ర లేదు చిన్నాయనా."

నీలావతికి నవ్వాలో తల గోడకు కొట్టుకోవాలో తెలియలేదు. వారం రోజులు. దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు. తన పాలు పులిశాయన్నారు. ఊరిబిండి తిన్నందుకన్నారు. హిందూపురం నుంచి ట్రంకు పెట్టె రావడమూ పోవడమూ అయింది. పుట్టకముందు నుంచీ ఆ చప్పుడులో పడుకున్న బిడ్డకు ఆ చప్పుడే కావాలని ఒక్కరికీ తట్టలేదు. తనకూ తట్టలేదు.

నరసప్ప గుంతలోంచి పైకి వచ్చాడు. అటక మీంచి పాత తాడు తీసి దులిపాడు. "మా చౌడేశ్వరిని ఈ దూలానికే కట్టింటిమి. వాళ్ళమ్మ దారం కండెలు చుట్టేది, నేను నేసేవాణ్ణి." ఉయ్యాల కట్టి, దాని అడుగు నుంచి ఒక సన్నటి తాడు కాలి కింది తొక్కుడు పలకకు ముడివేశాడు. పలక తొక్కిన ప్రతిసారీ ఉయ్యాల జానెడు కదిలింది.

"గుడ్డ తడిస్తే?" అంది నీలావతి, అడగలేక అడుగుతూ.

"మారుస్తా. దానికి ఆడది అయితేనేమి, మగోడైతేనేమి? ఆకలైతే మాత్రం నా వల్ల కాదు. గంట కొడతానే నువ్వు వచ్చేయాల." బడి ఆ వీధి చివరే. గంట ఇక్కడికి వినపడుతుంది. మళ్ళీ గుంతలోకి దిగుతూ అతను అన్నాడు, "ఒక్క మాట టీచరమ్మా. శుక్రవారం అమావాస్య. ఆ పొద్దు మేము మగ్గం తాకము. మా కులదేవత చౌడమ్మ తల్లి కట్టుబాటు. మా నాయన తాకలేదు, వాళ్ళ నాయన తాకలేదు. ఆ ఒక్క దినం నన్ను అడగొద్దు."

శుక్రవారం అనగానే నీలావతికి ఇన్‌స్పెక్షన్ గుర్తొచ్చింది. కానీ మొదటి గంట అప్పటికే కొడుతున్నారు. జడ వేసుకుంటూనే పరుగెత్తింది.

*

ఆ రాత్రి జయరాముడు విని, చాలాసేపు చెయ్యి కడుక్కున్నాడు.

"మగోని దగ్గర బిడ్డను ఇడుస్తారా ఎవరైనా? అదీ మగ్గం గుంత దగ్గర. మావాళ్ళు ఏమంటారు?"

"మీవాళ్ళను వచ్చి ఉయ్యాల ఊపమనండి."

"నేను అనేది ఏమంటే..."

"ఏమంటే?"

"అమ్మతో ఒక మాట చెప్పి చేసింటే బాగుండు."

మర్నాడు పెనుకొండ స్టేషన్లో రైలు ఆగినంతసేపట్లో అతను ఓబుళప్పను చూసి ఆ ఒక్క మాట చెప్పేశాడు. బుధవారం, గురువారం పాప నిద్రపోయింది. గంట కొట్టగానే నీలావతి వచ్చి పాలిచ్చి వెళ్ళింది. ఒకసారి వచ్చేసరికి నరసప్ప మగ్గం ఆపకుండానే, పొడి గుడ్డ పళ్ళ మధ్య పట్టుకుని, తడి గుడ్డ లాగడానికి చూస్తున్నాడు. ఇంకోసారి తనలో తానే ఏదో లెక్క చెబుతున్నాడు. దగ్గరకొచ్చి వింటే, బిడ్డకు అంచు పువ్వులోని పోగులు లెక్కపెట్టి చెబుతున్నాడు. నీలావతి గడప ఇవతలే కాసేపు నిలబడి విన్నది.

గురువారం సాయంత్రం రైలు దిగి కొడుకు వెనకాలే రుక్మిణమ్మ వచ్చింది. కాళ్ళు కడుక్కోకుండానే మగ్గం గది దాకా వెళ్ళి చూసి వచ్చింది.

"సేద్యగాళ్ళ బిడ్డ. ఇంకొకరి కాళ్ళ దగ్గర నిద్రపోతాండాది."

"ఆ కాళ్ళు కదిలితేనే అది నిద్రపోయేది అత్తా."

"నా చేతుల్లో నిలవదా? నేను పెంచలేదా? రేపు అమావాస్య, మగ్గం లేదంట గదా. రేపు పొద్దు మునిగేదాకా నా దగ్గరుంచు. నిలిస్తే ఎల్లుండి పొద్దున బండికి నాతో పెనుకొండకు వస్తాది. నిలవకపోతే నేనింక నోరు తెరవను."

"అట్లయితే సరిపోతాది" అన్నాడు జయరాముడు, నాలుగు రోజుల్లో మొదటిసారి ఊపిరి పీల్చుకుని.

నీలావతి లెక్క వేసుకుంది. రేపు బడి మానడానికి లేదు. బిడ్డను వెంట తీసుకెళ్ళడానికి లేదు. ఒప్పుకోవడం ఒక్కటే మిగిలింది.

*

శుక్రవారం ఇన్‌స్పెక్టరు పదిన్నరకు వచ్చాడు. లావుపాటి మనిషి. మెడ తుడుచుకుంటూ మూడో తరగతిలో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. పిల్లలు ఏడో ఎక్కం తప్పు లేకుండా చెప్పారు. పెనుకొండ కోట ఎవరిదని అడిగితే ఒక పిల్ల లేచి, మా తాత చూసినాడు సార్ అంది. ఆయన నవ్వాడు కూడా.

నీలావతి చేతిలో సుద్దముక్క, బుర్రలో ఏడుపు. వీధిలో ఎవరి బిడ్డో ఏడ్చింది. తన బిడ్డ కాదని తెలుసు. కానీ ఆమె ఒంటికి ఆ తేడా తెలియదు. రవిక ముందు భాగం తడిసింది. పమిట లాక్కుంది, చాల్లేదు. బల్ల వెనక్కి జరిగింది. ఇన్‌స్పెక్టరు బోర్డు మీద లెక్క రాయమన్నాడు. తిరిగితే కనిపిస్తుంది, తిరగకపోతే అడుగుతాడు.

లక్ష్మీదేవమ్మ గుమ్మంలోంచి వచ్చింది. చంకలోని పెద్ద అట్టల హాజరు పట్టీ నీలావతి చేతిలో పెట్టి, రొమ్ముకు ఆనేలా కొంచెం నెట్టింది. "ఇది పట్టుకుని నిలబడు. లెక్క నేను రాస్తాను" అంది మెల్లగా. రాసి, ఇన్‌స్పెక్టరు వైపు తిరిగి, "లెక్క నాది, జవాబులు ఈమె నేర్పినవి" అంది. నీలావతి పట్టీని రెండు చేతులతో హత్తుకుని, పిల్లలను ఒక్కొక్కరినీ లేపి జవాబు చెప్పించింది. ఆయన వెళుతూ వెళుతూ ఏదో రాసుకున్నాడు. లక్ష్మీదేవమ్మ తల ఊపింది.

మధ్యాహ్నం గంట కొట్టేసరికి ఆమె చెప్పులు వేసుకోవడం కూడా మరిచి వీధిలో పడింది. రెండు సంగతులకూ భయపడింది. బిడ్డ ఏడుస్తూ ఉంటే ఎలా అని, ఏడవకుండా ఉంటే ఎలా అని. ఏడవకపోతే రేపు పొద్దుటి బండి.

ఇంటికి నాలుగిళ్ళ దూరంలో ఆమె కాళ్ళు ఆగాయి. మగ్గం చప్పుడు.

అమావాస్య నాడు ఆ వీధిలో ఏ ఇంట్లోనూ చప్పుడు లేదు. ఈ ఒక్క ఇంట్లోంచే వస్తోంది. నరసప్ప తన కోసం కట్టుబాటు దాటాడా అనుకుంది. కానీ ఇంకో నాలుగడుగులు వేసేసరికి తెలిసింది, అది నరసప్ప చెయ్యి కాదు. టక్. చాలాసేపటికి మళ్ళీ టక్. అంతలో రెండు తొందర తొందరగా. కుంటుతూ నడిచే మనిషి చెప్పుల చప్పుడులా ఉంది.

మగ్గం గది తలుపు బార్లా తెరిచి ఉంది. నరసప్ప తలస్నానం చేసి, ఉతికిన పంచె కట్టి, గడప బయట కూర్చుని ఉన్నాడు. చేతులు రెండూ ఒళ్ళో ముడుచుకున్నాడు. లోపల మగ్గం దూలానికి కుంకుమ బొట్లు, కొట్టిన టెంకాయ చిప్పలు. గుంతలో రుక్మిణమ్మ కూర్చుని ఉంది. చీర మోకాళ్ళ దాకా ఎగదోపుకుని, చెమటలో నాని, పెదవి కొరుక్కుని పలకలు తొక్కుతోంది. పోగును అటూ ఇటూ నడిపే నాడె ఆమె చేతిలో లేదు, అవతల గూట్లో ఉంది. నేసిన బట్టకు దెబ్బ తగలకుండా, పన్నె తగిలే చోట పాత పంచె ఒకటి మడత పెట్టి ఉంది.

"ఎడమ కాలమ్మా" అంటున్నాడు నరసప్ప బయటి నుంచి. "ఇప్పుడు కుడి. గట్టిగా వద్దు, అది పట్టు, సేద్యం కాదు. ఆఁ, ఇప్పుడు లాగి కొట్టండి."

"కొడతాండా గదప్పా. నీ నోరు కొంచేపు ఆపు."

ఉయ్యాల జానెడు కదిలింది, ఆగింది, మళ్ళీ కదిలింది. అందులో పాప నిద్రపోతోంది. చెంప మీద ఏడ్చిన చారలు ఎండి ఉన్నాయి.

నరసప్ప నీలావతిని చూసి లేచాడు. "గంటన్నర ఏడ్చింది టీచరమ్మా. నేను గోడకు ఇవతల కూర్చుని వింటాండా. తాకేదానికి లేదు, వినేదానికి లేదు. మీ అత్తే వచ్చి ఈ గడప దగ్గర నిలబడింది. నువ్వు తాకొద్దులేప్పా, నేను తొక్కుతా, ఎట్లనో చెప్పు అనింది. ఆమె మా కులం కాదు, నేసే మనిషీ కాదు. పోగు వెయ్యలేదు, చీర పెరగలేదు. చౌడమ్మకు తెలీదా?" అన్నాడు. మాట చివర కొంచెం తడబడి, దూలం మీది కుంకుమ వైపు ఒకసారి చూశాడు.

"అట్ల నిలబడి సూడకమ్మే" అంది రుక్మిణమ్మ, తల ఎత్తకుండా. "లేచినంక పాలిచ్చి పో. నా కాళ్ళు పట్టేసినాయి. ఆపితే లేస్తాది. మీ ఆయనకు మాత్రం చెప్పొద్దు."

ఆమె నాలుగు గంటల దాకా తొక్కింది.

*

జయరాముడు వచ్చేసరికి తల్లి చాప మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. నీలావతి ఆముదం వేడిచేసి ఆమె పిక్కలకు రుద్దుతోంది. పాప ఒళ్ళో ఉంది.

"ఏమైంది?"

"ఏం లేదు" అన్నారు ఇద్దరూ.

"బిడ్డ ఏడ్చిందా?"

"ఏడ్చింది. ఊరుకుంది" అంది రుక్మిణమ్మ.

అతను చొక్కా విప్పి మేకుకు తగిలించి, ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. "మరి ఏమి తీర్మానం చేసినారు?"

"మీరేమంటే అదే" అంది నీలావతి, పిక్క మీంచి చెయ్యి తీయకుండా.

జయరాముడు మేకు దగ్గరే నిలబడ్డాడు. చుట్టూ చూశాడు. చూడటానికి సంకటి ముద్ద కూడా ఎదురుగా లేదు.

"పెనుకొండలో మగ్గం యాడ తెచ్చేదిరా?" అంది రుక్మిణమ్మ చివరికి. "పొద్దున బండికి నేనొక్కదాన్నే పోతా. బిడ్డ ఈడనే ఉంటాది."

రుక్మిణమ్మ మనవరాలి అరికాలు పట్టుకుని, దాన్ని వేళ్ళతో కొలిచినట్టు చూసింది.

"ఆ గంగులమ్మ దగ్గరికి మాత్రం ఎప్పుడూ పంపొద్దు" అంది. గొంతు తగ్గింది. "నేను వీనికి ఆ మందు పెట్టిన దినాల్లో మీ మామ కలుపుకు రమ్మంటాండె. మా అత్తకు చూపు లేదు. ఇంట్లో ఇంకెవురూ లేరు. పొద్దున పెట్టి పోయేదాన్ని. సాయంత్రం వచ్చి ముక్కు కింద చెయ్యి పెట్టి చూసేదాన్ని, ఊపిరి ఉండాదా లేదా అని. దినామూ చూసేదాన్ని."

నీలావతి చేతులు ఒక క్షణం ఆగి, మళ్ళీ కదిలాయి. ఈసారి ఇంకొంచెం మెల్లగా. జయరాముడు వచ్చి తల్లి పక్కన చాప మీద కూర్చున్నాడు. కాసేపటికి చెయ్యి చాపి, ఆముదం గిన్నె తీసుకుని, రెండో కాలు తన ఒళ్ళో పెట్టుకున్నాడు.

వెనక నరసప్ప బుడ్డీ దీపం పట్టుకుని మగ్గం గది గడప దాకా వచ్చాడు. పన్నె దగ్గర మడత పెట్టిన పంచె అలాగే ఉంది. చెయ్యి చాపబోయి, ఇంకా అమావాస్య వెళ్ళలేదని గుర్తొచ్చి, వెనక్కి తీసుకున్నాడు. ఉయ్యాల తాడు దూలానికి వేలాడుతోంది. దాన్ని రేపటి కోసం ఉండనిచ్చి, రెండు తలుపులూ దగ్గరగా లాగి, గోడకు అవతల బిడ్డ నిద్రపోతోందని గొలుసు ఒక్కొక్క లంకెనే చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా వేశాడు.